చెట్టు అంటే ఏ చెట్టు?

నెల్లూరు జిల్లా,
2024 జూలై 22.

సంపాదకుడు గారికి నమస్కారములు.

గత నెల 30వ తేదీన మీ పత్రిక ఎనిమిదో పేజీ అడుగున, రాశిఫలాలకూ బంగారం ధరలకూ నడుమ, నాలుగు వాక్యాల ప్రకటన ఒకటి వేశారు. పాఠకుల కోరిక మేరకు జూలై 1 నుంచి గూఢార్థ పదకేళి (ఆధారాన్ని పొడుపుకథలా విప్పి గళ్ళలో మాటలు నింపే ఆట) స్థానంలో 'అందరికీ సులభమైన పదకేళి'ని అందిస్తున్నామన్నది దాని సారాంశం. అలా కోరిన పాఠకులు ఎక్కడివారో నాకు తెలియదు. ఇరవై ఏళ్ళుగా మీ పత్రికను వెనుక పేజీ నుంచి చదవడం మొదలుపెట్టే నావంటి వారిని మాత్రం ఎవరూ అడగలేదు. అయినా తొందరపడి నిందించకూడదని మూడు వారాలు ఓపిక పట్టి, ఇరవై ఒక్క పదకేళులూ పూరించి (పూరించబోయి అనడమే సబబు), ఆ తర్వాతే కలం పట్టాను.

మీరు సులభమన్నదాన్ని ఒకసారి మీరే చూడండి. జూలై 4న 9 అడ్డం ఆధారం: 'చెట్టు (2)'. అంతే, ఇంకొక్క మాట లేదు. వేప, మర్రి, రావి, మేడి, జువ్వి, చింత, తాడి, ఈత, నిమ్మ, జమ్మి, తుమ్మ, ఇవన్నీ రెండేసి గళ్ళే. నిలువులు ఆదుకుంటాయా అంటే అవీ ఇదే బాపతు: 'పక్షి (3)', 'దేవుడు (3)', 'వంటింటి వస్తువు (3)'. పెరట్లో కరివేపాకు కోస్తున్న మా ఆవిడ నా అవస్థ చూసి, "ఏ చెట్టో రాసినవాళ్ళకైనా తెలుసో లేదో, కాఫీ చల్లారిపోతోంది, ముందు అది తాగండి" అన్నది. ఆమె మాటలో అతిశయోక్తి ఏమీ లేదని జూలై 12న రుజువైంది.

ఆనాటి 14 అడ్డం 'నెల్లూరు జిల్లాలో ఊరు (3)'. ఈ జిల్లాలో పుట్టి పెరిగినవాణ్ణి కనుక ఇదొక్కటైనా నాదే అనుకున్నాను. కావలి, కోవూరు, రాపూరు, అల్లూరు, చేజర్ల అన్నీ మూడు గళ్ళవే. ఆ మాటకొస్తే నెల్లూరూ మూడు గళ్ళదే. ఆఖరి గడిలో 'రు' ఉండాలని నిలువు చెప్పింది కాబట్టి కావలినీ చేజర్లనూ వదిలేసి, పొద్దున్నంతా తర్జనభర్జన పడి కోవూరు అని రాసుకున్నాను. మరునాడు మీరు వేసిన జవాబు 'గూడూరు'. అయ్యా, గూడూరు 2022 ఏప్రిల్‌లోనే తిరుపతి జిల్లాలో కలిసింది. ఆ రోజుల్లో జరిగిన ఆందోళనల వార్తలు మీ జిల్లా పేజీల్లోనే వారాల తరబడి వచ్చాయి. సొంత పత్రిక చదవని వారి చేత పదకేళి కూర్పిస్తున్నారన్నమాట!

ఇలాంటి ఊరి పేర్లనే పాత పద్ధతిలో అడిగితే ఎలా ఉండేదో చెబుతాను. 'కాపలా కాసే పట్టణం (3)' అంటే కావలి తప్ప మరొకటి పొసగదు. 'వరి పండిన ఊరు (3)' అంటే, నెల్లు అంటే వరి అని తెలిసినవాడు, మొలగొలుకుల బియ్యం తిన్నవాడు, నెల్లూరు అని రాసి ముందుకు పోతాడు. 'మనవే, తారుమారైతే శతకకర్త (3)' అన్నప్పుడు శతకకర్త అన్నది అర్థం. 'మనవే' అన్న మూడక్షరాలను అటూ ఇటూ మార్చమన్నది దారి. మార్చి చూస్తే వేమన. మంచి గూఢార్థ ఆధారంలో ఈ రెండు భాగాలూ ఉంటాయి, అవి ఒకదానికొకటి సాక్ష్యం పలుకుతాయి. అందువల్ల జవాబు తట్టిన క్షణంలోనే అది సరైనదని మనకు తెలిసిపోతుంది, మరునాటి పత్రిక కోసం ఎదురుచూడనక్కర లేదు. మీరు కష్టమని తీసేసినది తప్పకుండా తేలే లెక్క. సులభమని పెట్టినది చీకట్లో రాయి విసరడం.

గూఢార్థం పండితులకే పరిమితమన్న వాదన కూడా మీ ప్రకటనలో సూచనగా ఉంది. మా వీధి చివర టీ అంగడిలో పనిచేసే కుర్రవాడు పదో తరగతి దాటలేదు. రెండేళ్ళ క్రితం ఒక ఉదయం నేను బల్ల మీద పత్రిక పరచుకుని 'పడక తిరగబడితే సీమలో పట్టణం (3)' అని పైకే చదువుకుంటుంటే, వాడు గ్లాసులు కడుగుతూ తల ఎత్తకుండానే "పడకను తిప్పితే కడపే గదా సార్!" అన్నాడు. నిజమే, డ అలాగే ఉండి అటుదిటు ఇటుదటు అయితే కడప. అప్పటి నుంచి టీ గ్లాసు పెడుతూ "ఈరోజు ఏం తిరగబడింది సార్?" అని అడగడం వాడికి అలవాటైంది. వలనను తారుమారు చేస్తే నవల వస్తుందని ఒకరోజు వాడే నాకు చెప్పాడు. జూలై 1 తర్వాత నాలుగైదు రోజులు అడిగి చూసి, మానేశాడు.

ఈ ఆట ఎంత గౌరవం అందుకున్నదో మీ కార్యాలయంలో ఎవరికైనా గుర్తుందా? 1913 డిసెంబరు 21న ఆర్థర్ విన్ అనే ఆయన 'న్యూయార్క్ వరల్డ్'లో మొదటి గళ్ళు వేసినప్పుడు అవి సాదా అర్థాల గళ్ళే. వాటిలో గూఢార్థం నింపి, ఆధారాన్నే ఒక పొడుపుకథగా మార్చింది బ్రిటిష్ పత్రికలు. లండన్ 'టైమ్స్' 1930 ఫిబ్రవరి 1న పదకేళిని ప్రారంభించింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1942 జనవరిలో, 'డైలీ టెలిగ్రాఫ్' పన్నెండు నిమిషాల్లో పదకేళిని పూరించే పోటీ పెడితే, అందులో నెగ్గుకొచ్చిన కొందరికి తర్వాత శత్రువుల రహస్య లిపిని ఛేదించే బ్లెచ్లీ పార్కులో కొలువు దొరికింది. మనవాళ్ళేమీ తీసిపోలేదు. శ్రీశ్రీ కూర్చినప్పుడు అది పదబంధ ప్రహేళిక, ఆరుద్ర కూర్చినప్పుడు గళ్ళనుడికట్టు. అంతటి కవులు చేయదగ్గ పని అనుకున్నదాన్ని మీరు 'చెట్టు'కు దించారు.

తెలుగులో గళ్ళు కూర్చడం కష్టమని ఒప్పుకుంటాను. ఇంగ్లీషు గడిలో పట్టేది ఇరవై ఆరింటిలో ఒకటి. మన గడిలో గుణింతం, ఒత్తు, సున్న అన్నీ కలిసి కూర్చుంటాయి. అడ్డంలో 'క్క' అయినది నిలువులోనూ 'క్క' కావలసిందే. అందుకే కూర్చేవారు ఒక్కోసారి పదాన్ని వెనుక నుంచి ముందుకు వేస్తారు, కొస కోసి వేస్తారు. ఆ సంగతి ఆధారంలో చెప్పి చేస్తే అది తప్పు కాదు, ఆటలో భాగమే. ఎంత ఇరుకు గడినీ ముచ్చటగా వాడుకోవచ్చుననడానికి, కొన్నేళ్ళ క్రితం మీ పత్రికలోనే వచ్చిన 'తిక్కతో మొదలైనా కవిబ్రహ్మే (3)' అన్న ఆధారం చాలు. తిక్కన సోమయాజి జిల్లాలో ఆ రోజు ఎందరు నవ్వుకున్నారో! దాన్ని కూర్చినవారి పేరు మీరు ఎన్నడూ వేయలేదు. కొన్ని ఇంగ్లీషు పత్రికల్లో కూర్చినవారి మారుపేరైనా గళ్ళ పక్కన ఉంటుంది. వారిని ఇప్పుడు మాన్పించారా, వారే మానుకున్నారా అన్నది చెప్పే బాధ్యతైనా మీకు లేదా?

జూలై 17న గళ్ళు ముందురోజువి, ఆధారాలు ఆ రోజువి వేశారు. 4 నిలువుకు నాలుగు అక్షరాల ఆధారం, మూడు గళ్ళు. సవరణ వేస్తారేమోనని రెండు రోజులు చూసి జిల్లా కార్యాలయానికి ఫోన్ చేస్తే, ఎత్తినవారు పదకేళి సంగతి తమకు తెలియదనీ, ప్రకటనలేమైనా ఇవ్వదలిస్తే వేరే నంబరు ఇస్తామనీ సెలవిచ్చారు. ప్రకటనలకు కొదువేముంది! ఇళ్ళ స్థలాలవాళ్ళకు సగం పేజీ, పదకేళికి అగ్గిపెట్టెంత చోటు. ఆ గడిలో 'ళ్ళూ' రాయాలంటే పెన్సిల్ చాలదు, సూది కావాలి.

అసలు భాష గురించి పట్టింపు ఎవరికి మిగిలింది కనుక? మా పట్టణంలో వీధుల పేర్ల పలకలు రాయించిన అధికారులు రెండు వీధుల్లో ఒకే పేరును రెండు రకాలుగా రాయించారు, రెండూ తప్పే. ఇంటింటికీ వచ్చిన నీటిపన్ను నోటీసులో ఒక వాక్యం మొదలైన తర్వాత ఎక్కడా పూర్తి కాలేదు. గూఢార్థం కావాలనుకునేవారు దాన్ని చదువుకోవచ్చు, పరిష్కారం మాత్రం మరునాడు రాదు. ఒక పదం సరిచూసుకుందామని గ్రంథాలయానికి వెళితే, 1885లో వెలువడిన శబ్దరత్నాకరం నిఘంటువు బీరువాలో ఉంది, బీరువాకు తాళం ఉంది, తాళంచెవి సెలవులో ఉన్న ఉద్యోగి దగ్గర ఉంది. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను మాత్రం తప్పకుండా కడుతున్నాము. ఇలాంటి వాతావరణంలో రోజుకు అరగంటసేపు తెలుగు మాటను తిరగేసి, విడదీసి, తూచి చూసే అవకాశం ఈ ఒక్క మూలలోనే ఉండేది. దాన్నీ మీరే మూశారు.

సులభమైనది కావాలనుకునేవారికి అదీ ఉండనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. గూఢార్థ పదకేళిని వారానికి మూడు రోజులైనా తిరిగి వేయండి, కూర్చినవారి పేరు వేయండి, గళ్ళు కనబడేటట్లు వేయండి, తప్పు వస్తే మరునాడు అక్కడే సవరణ వేయండి. నా చందా వచ్చే మార్చి దాకా కట్టి ఉంది. జూలై 12 నాటి 14 అడ్డానికి కోవూరు కూడా సరైన జవాబేనని ఈలోగా ఒక్క వాక్యం అచ్చువేస్తే, మా ఆవిడకు చూపించుకుంటాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి