‘ఫుషిగి’లో గొంతు మునగడం పొరపాటు కాదు

సంపాదకులకు నమస్కారం.

1980ల నాటి జపాన్ పాప్ సంగీతం మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివించింది. ఒక్క మాట మాత్రం సరిదిద్దాలి. జపాన్ గాయని అకినా నకమోరి ఆల్బం ‘ఫుషిగి’లో గాత్రం వాద్యాల కింద పడిపోయిందనీ, అది మిక్సింగ్ (విడివిడిగా రికార్డు చేసిన గొంతునూ వాద్యాలనూ కలిపే పని) లోపమనీ రాశారు. ఆ ఆల్బంకు నిర్మాత ఆ గాయనే. గొంతును అలా ముంచింది కావాలనే.

వార్నర్ పయొనీర్ సంస్థ దాన్ని 1986 ఆగస్టు 11న విడుదల చేసింది. అప్పటికి ఆమెకు 21 ఏళ్లు నిండి నెల కూడా కాలేదు. అంతకుముందు ఏడాది ‘మి అమోరే’ పాటకు జపాన్ రికార్డ్ అవార్డు అందుకున్నారు. ఆమె గొంతు వినపడితే చాలు రికార్డు అమ్ముడుపోయే రోజులవి. అలాంటప్పుడు సింగిల్‌గా, అంటే విడి రికార్డుగా వచ్చిన హిట్ పాట ఒక్కటీ చేర్చకుండా పది పాటలు పేర్చి, జనం దేనికోసం కొంటారో ఆ గొంతునే వెనక్కి నెట్టారు. ‘ఫుషిగి’ అంటే వింత, అంతుపట్టనిది. ఆల్బం మొత్తం ఆ పేరుకు తగ్గట్టు వినపడాలన్నది ఆలోచన. కొన్న రికార్డు పాడైందేమోనని అనుమానించిన శ్రోతలు ఆనాడే ఉన్నారు. అయినా జపాన్‌లో రికార్డుల అమ్మకాలను లెక్కించే ఒరికాన్ వారపు పట్టికలో అది మొదటి స్థానానికి చేరింది.

గొంతు మునిగిందంటే కేవలం శబ్దం తగ్గించారని చాలామంది అనుకుంటారు. ఫేడర్ (శబ్దం పెంచే, తగ్గించే మీట) కిందికి లాగితే వచ్చేది సన్నని గొంతే తప్ప మునిగిన గొంతు కాదు. మామూలుగా గాయకుడి నేరు గొంతు (ప్రతిధ్వని కలపని అసలు గొంతు) నుంచి రివర్బ్‌కు, అంటే ప్రతిధ్వని పుట్టించే పరికరానికి పంపే దారి ఫేడర్ తర్వాత మొదలవుతుంది. అందుకే ఫేడర్ తగ్గిస్తే ప్రతిధ్వని కూడా దానితోపాటే తగ్గుతుంది. ఇలాంటి ధ్వని కావాలంటే ఆ దారిని ఫేడర్‌కు ముందు నుంచే తీయాలి. అప్పుడు నేరు గొంతు 4 నుంచి 6 డెసిబెల్స్ తగ్గించినా ప్రతిధ్వని నిండుగా అలాగే ఉంటుంది. రెండోది ప్రీ-డిలే, అంటే గొంతుకూ దాని ప్రతిధ్వనికీ మధ్య ఇచ్చే వ్యవధి. 80 మిల్లీసెకన్లు ఇస్తే అక్షరం ముందు వినపడి, ప్రతిధ్వని దాని వెనక వస్తుంది. పదికి లోపు పెడితే రెండూ అతుక్కుపోతాయి, గొంతు దూరం జరిగినట్టు ఉంటుంది. మూడోది ప్రతిధ్వని ఆరిపోవడానికి పట్టే సమయం. సాధారణ పాప్ పాటకు ఒకటిన్నర, రెండు సెకన్లు సరిపోతాయి. దీన్ని 4 సెకన్లు చేస్తే, నిమిషానికి 120 దెబ్బల వేగంతో నడిచే పాటలో ఒక్కో అక్షరం తోక ఎనిమిది దెబ్బల దాకా సాగుతుంది.

ఇక్కడే భాష సంగతి చూడాలి. తెలుగు లాగే జపనీస్ కూడా అజంత భాష. మాట చివర హల్లు నిలిచేది ‘న్’ ఒక్కదానితోనే. హల్లులు క్షణకాలం మెరిసి పోతాయి, శక్తి తక్కువ. డ్రమ్స్, సింథసైజర్లు వాటిని సులువుగా కప్పేస్తాయి. అచ్చులు సాగుతాయి కాబట్టి బతుకుతాయి. అందుకే ‘ఫుషిగి’లో మాటలు అందకపోయినా రాగం చెక్కుచెదరదు. మరి మాటలు అంతగా ఎందుకు అందవు? జపనీస్‌లో హ్రస్వదీర్ఘాల తేడాతో అర్థమే మారిపోతుంది. ‘ఒబసాన్’ అంటే పిన్నో అత్తో, ‘ఒబాసాన్’ అంటే అమ్మమ్మో నానమ్మో. ద్విత్వమూ అంతే, ‘కితే’ అంటే ‘వచ్చి’, ‘కిత్తే’ అంటే తపాలా బిళ్ళ. ఆ ద్విత్వంలో ఉండే చిన్న మౌనాన్ని ప్రతిధ్వని పూడ్చేస్తుంది, హ్రస్వాన్ని సాగదీస్తుంది. కాబట్టి ఆ భాష పుట్టుకతో వచ్చినవారికి కూడా కొన్ని చోట్ల మాట అందదు. ఈ ఆల్బంలో యూరాక్స్ అనే వాద్యబృందం చేసిన పాటల్లో వాద్యాల సాంద్రత కూడా తోడై ఇది మరీ ఎక్కువ.

దీన్ని అనుకరించబోయి చెడగొట్టేవారు ఎక్కువ, ఎందుకంటే ఇందులో మూడు చోట్ల దెబ్బ తగులుతుంది. ప్రతిధ్వనిలో 250 హెర్ట్జ్‌కు దిగువది కోయకపోతే బేస్ గిటార్‌తో కలిసి బురదలా తయారవుతుంది. రివర్బ్‌లోకి వెళ్లే దారిలో డీ-ఎసర్ (బుసధ్వనులను తగ్గించే పరికరం) పెట్టకపోతే ప్రతి ‘స’, ‘ష’ నాలుగు సెకన్లు బుసకొడుతుంది. 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య దాన్ని అదుపు చేయాలి. అన్నిటికంటే ప్రమాదం మోనో, అంటే ఎడమ, కుడి శబ్దాలను ఒకటిగా కలిపి వినడం. ఎడమ, కుడి ప్రతిధ్వనుల తరంగాలు ఒకదానికొకటి తలకిందులుగా ఉంటే, ఒకే స్పీకర్ మీద అవి పరస్పరం చెరిగిపోతాయి. నేరు గొంతు ముందే తగ్గించి ఉంది కనుక పాట నుంచి గాయని దాదాపు మాయమవుతుంది. మరొకటి, పాడుతున్నప్పుడు హెడ్‌ఫోన్లలో ఈ ప్రతిధ్వనితో తడిసిన గొంతు వినిపించకూడదు. తోక వింటూ పాడితే తాళం వెనకబడుతుంది. పాడేవారికి ప్రతిధ్వని లేని పొడి గొంతు ఇచ్చి, ముంచడం మిక్సింగ్‌లో చేయాలి.

ఆమెకు స్పష్టంగా పాడటం రాక ఇలా చేశారనుకుంటే అదే ఏడాది డిసెంబర్ 24న వచ్చిన ‘క్రిమ్సన్’ వినండి. తకెఉచి మారియా, కొబయాషి అకికో స్వరపరిచిన ఆ పాటల్లో ఆమె గుసగుసలాడినట్టు మెత్తగా పాడారు, గొంతు మాత్రం చెవి పక్కనే ఉంటుంది. నాలుగు నెలల తేడాతో ఒకే గాయని రెండు వేర్వేరు దూరాల్లో నిలబడ్డారు.

మీ పాఠకులకు ఒక మనవి. ‘ఫుషిగి’ వినేటప్పుడు ఫోన్‌లోనో టీవీలోనో ఉండే ‘గాత్రం స్పష్టం’ అమరిక ఆపేయండి. అలాంటివి చాలావరకు స్టీరియో నడిమధ్యనున్న శబ్దాన్నే పైకి లేపుతాయి. ఈ ఆల్బంలో గొంతులో సగం రెండు పక్కలా పరుచుకుని ఉంటుంది. హెడ్‌ఫోన్లతో వినండి, యోషిదా మినాకో రాసిన ‘ఒకిబి’తో మొదలుపెట్టండి. ఆ మాటకు నిప్పుకణిక అని అర్థం. ఆ తర్వాత 1988లో వచ్చిన ‘వండర్’ వినండి, ఈ ఆల్బం పాటలే అందులో కొత్త రూపంలో ఉన్నాయి.

ఇట్లు,
ధ్వనిముద్రణ రంగంలో పనిచేసే ఒక పాఠకుడు