ఆ రోలర్ వాడకు చిన్నా

చిన్నా,

మొహం మీద మొటిమల గుంటలకు మైక్రోనీడ్లింగ్, అదే సన్నటి సూదులతో చేసే చికిత్స, చేయించుకోవాలని ఉందని రాశావు. చేయించుకో నాన్నా. మగపిల్లాడికి ఇవన్నీ ఎందుకని ఎవరైనా అంటే పట్టించుకోకు. ఇంటర్‌లో ఫొటో అనగానే నువ్వు పక్కకు తప్పుకునేవాడివి, అది చూసి నేను ఎంత బాధపడ్డానో నాకే తెలుసు.

కానీ ఆన్‌లైన్‌లో సూదుల రోలర్ కొన్నానని, నువ్వూ నీ రూమ్మేటూ దాంతోనే చేసుకుంటారని చదివాక నాకు నిద్ర పట్టలేదు. దాన్ని ముట్టుకోకు. స్కిన్ డిపార్ట్‌మెంట్‌లో ఇన్నేళ్లు నర్సుగా చేసినదాన్ని, నా మాట విను.

సూదులు చర్మానికి సన్నటి గాయాలు చేస్తాయి. అవి మానేటప్పుడు లోపల చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీన్ కొత్తగా పుట్టి గుంట మెల్లగా పూడుతుంది. గుంటలు తగ్గాలంటే సూది 1.5, 2 మిల్లీమీటర్ల దాకా దిగాలి. పావు మిల్లీమీటరు సూదులున్న రోలర్ అంత లోతుకు పోదు. పొడుగు సూదులది తెచ్చుకుని గదిలో కూర్చుని పొడుచుకుంటే ఇన్ఫెక్షనో, కొత్త మచ్చలో వచ్చే ప్రమాదం ఉంది.

మా దగ్గర మత్తు క్రీము రాసి ముప్పావుగంట ఆగుతాం. డాక్టరుగారు ఒక చేత్తో బుగ్గను లాగిపట్టి, ఇంకో చేత్తో పెన్నులాంటి మెషీన్‌ను అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా నడుపుతారు. గుండుసూది మొనంత రక్తపు చుక్కలు వరుసగా పైకి తేలతాయి. సెలైన్‌తో తడిపిన గాజ్ గుడ్డతో వాటిని అద్దుతూ ఉండటం నా పని. ఒకరికి వాడిన సూదులు ఇంకొకరికి ముట్టవు, అప్పటికప్పుడే పారేస్తాం. రక్తం అంటిన రోలర్ ఇద్దరు వాడటమంటే ఏమిటో ఇప్పుడు అర్థమైందా? అమెరికాలో న్యూమెక్సికోలో ఒక స్పాలో, సొంత రక్తం తీసి సూదులతో మొహానికి ఎక్కించే ఫేషియల్ చేయించుకున్న కొందరు ఆడవాళ్లకు హెచ్‌ఐవీ వచ్చింది. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2024లో ఆ వివరాలు ప్రచురించింది. మీ వీధి చివరి పార్లర్‌లో ప్యాకేజీ ఉందన్నావే, అక్కడికి కూడా వెళ్లొద్దు. ఎండీ డెర్మటాలజీ చదివిన డాక్టరు దగ్గరికే వెళ్లు.

మీ నాన్న భుజం మీద టీకా మచ్చ గడ్డకట్టి ఉంటుంది చూడు, దాన్ని కెలాయిడ్ అంటారు. ఆ తత్వం నీకూ ఉంటే సూది గాయాలు అలాగే గడ్డకట్టొచ్చు. ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పు. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వేసుకున్న సంగతి కూడా. ఇప్పుడు చీముపట్టిన మొటిమలుంటే ముందు అవి తగ్గాలి.

ఒక్క సిట్టింగ్‌కే నున్నగా అయిపోదు. నెలకొకటి చొప్పున మూడు నుంచి ఆరు పడతాయి. సూదితో గుచ్చినట్టు లోతుగా, సన్నగా ఉన్న గుంటలు దీనికి పెద్దగా లొంగవు, వాటికి వేరే పద్ధతులున్నాయి. రెండు మూడు రోజులు మొహం ఎర్రగా ఉంటుంది, కంగారుపడకు. ఎండలో మాత్రం తిరగకు, మన చర్మం తొందరగా నల్లబడుతుంది. డాక్టరు చెప్పినప్పటి నుంచి సన్‌స్క్రీన్ మానొద్దు.

ఫీజు డబ్బులు నీ అకౌంట్‌లో వేశాను. రోలర్‌ను మీ రూమ్మేట్‌నీ వాడనివ్వకు. అతనిదీ నీ వయసే, వాళ్లమ్మా ఇలాగే టెన్షన్ పడుతుంది. డాక్టరుకు చూపించుకున్న రోజు సాయంత్రం ఫోన్ చెయ్యి.

మీ అమ్మ