ఏసీ చల్లగా లేకపోతే గ్యాస్ ఒక్కటే కారణమా?

సంపాదకులకు,

ఎండలు ముదిరాయంటే కార్ల సంరక్షణ మీద పత్రికల్లో సూచనలు మొదలవుతాయి. వాటిలో ‘ఏటా ఏసీ గ్యాస్ నింపించండి’ అన్న మాట తరచూ కనిపిస్తుంది. దయచేసి ఆ వాక్యం ఇకమీదట వేయకండి. ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయిపోయేది కాదు, మూసి ఉన్న గొట్టాల్లో అదే తిరుగుతూ ఉంటుంది. రబ్బరు గొట్టాల నుంచి, సీళ్ల నుంచి ఏళ్ల మీద కొద్దికొద్దిగా తగ్గడం మామూలే. కానీ నిరుడు నింపిన గ్యాస్ ఈ వేసవికి లేదంటే ఎక్కడో లీకేజీ ఉంది. లేదా తప్పు గ్యాస్‌ది కానే కాదు. ఈ రెండోదాన్ని వెతికే ఓపిక చాలామందికి ఉండదు.

ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: గాలి రావడం లేదా, గాలి వస్తున్నా చల్లగా లేదా? గాలి సరిగ్గా రాకపోతే లోపలికొచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడాలి. బ్లోయర్ (లోపలికి గాలి కొట్టే ఫ్యాన్) ఆఖరి స్పీడులో మాత్రమే తిరుగుతుంటే దాని వేగాన్ని తగ్గించే రెసిస్టర్ కాలిపోయి ఉంటుంది. మొదట్లో చల్లటి గాలి బాగా వచ్చి, గంట ప్రయాణం తర్వాత తగ్గిపోయి, ఏసీ పావుగంట ఆపితే మళ్లీ వస్తోందంటే గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్ మీద మంచు పేరుకుంటోంది. అప్పుడు కాయిల్ దగ్గరి టెంపరేచర్ సెన్సర్‌ను చూడాలి.

గాలి బాగానే వస్తూ చల్లదనం లేనప్పుడు, ఎప్పుడు లేదో గమనించాలి. రోడ్డు మీద వేగంగా వెళ్తుంటే చల్లగా, ట్రాఫిక్‌లో ఆగితే వెచ్చగా ఉంటే మొదటి అనుమానం ముందున్న ఫ్యాన్ మీదే. కారు కదులుతున్నప్పుడు ఎదురుగాలే కండెన్సర్‌ను (గ్యాస్ వేడిని బయటికి వదిలే భాగాన్ని) చల్లబరుస్తుంది, ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ చేయాలి. ఫ్యూజు, రిలే, మోటారు వరుసగా చూడాలి. ఫ్యాన్ తిరుగుతున్నా ఫలితం లేకపోతే కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య ఇరుక్కున్న దుమ్మును టార్చి వేసి చూడాలి. ముందు నుంచి శుభ్రంగా కనిపించే కండెన్సర్ వెనక వైపు మట్టితో పూడిపోయి ఉండొచ్చు.

అరగంట బాగా పనిచేసి, గాలి తగ్గకుండానే చల్లదనం పోతే గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్‌ను ఇంజిన్‌కు కలిపే క్లచ్ చూడాలి. క్లచ్ ప్లేటుకూ పుల్లీకీ మధ్య సందు సాధారణంగా 0.3 నుంచి 0.6 మి.మీ. ఉంటుంది, అరిగేకొద్దీ పెరుగుతుంది. సందు పెరిగాక, క్లచ్‌లోని కరెంటు కాయిల్ వేడెక్కితే రెసిస్టెన్స్ పెరిగి అయస్కాంతం లాగే బలం తగ్గుతుంది, ప్లేటు అతుక్కోదు. చాలా కార్లలో లోపలి పల్చటి షిమ్ (వాషర్ లాంటి రేకు) ఒకటి తీసేస్తే సందు దారికొస్తుంది. దీనికి కంప్రెసర్ మొత్తం మార్చేవాళ్లూ ఉన్నారు!

క్లైమేట్ కంట్రోల్ (పెట్టిన డిగ్రీలకు తానే సర్దుకునే ఏసీ) ఉన్న కార్లలో ఇంకో చిక్కుంది. బానెట్ ఎత్తి, డాష్‌బోర్డ్ వెనక రేకులోంచి బయటికొచ్చే లావుపాటి అల్యూమినియం పైపును చూడండి. అది చల్లగా ఉండి నీటి చుక్కలు పట్టి, లోపల మాత్రం వెచ్చటి గాలి వస్తుంటే గ్యాసూ కంప్రెసరూ పనిచేస్తున్నట్టే. వేడి, చల్లగాలులను కలిపే ఫ్లాప్ మోటారు ఇరుక్కుంది. డాష్‌బోర్డ్‌లో టకటక శబ్దం దానికి గుర్తు. బయటి వేడి చూసే సెన్సర్ వైరు తెగితే కొన్ని కార్లలో బయట గడ్డకట్టే చలి ఉందనుకుని కంప్యూటర్ కంప్రెసర్‌ను కదలనివ్వదు. స్కానర్‌లో ఆ సెన్సర్ చూపే అంకె చూస్తే నిమిషంలో తెలిసిపోతుంది.

ఇక గేజ్, అంటే గ్యాస్ ప్రెషర్ కొలిచే మీటరు. ఇంజిన్ ఆపి మీటరు పెట్టి ‘ప్రెషర్ బాగుంది’ అంటే నమ్మకండి. 30 డిగ్రీల వేడిలో ఆర్-134ఏ అనే ఏసీ గ్యాస్ దాదాపు 95 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) చూపిస్తుంది. లోపల గ్యాస్ కొంత ద్రవరూపంలో మిగిలి ఉన్నంతవరకు 200 గ్రాములున్నా 500 గ్రాములున్నా అంకె అదే. ఇంజిన్ 1500 ఆర్‌పీఎంలో, బ్లోయర్ ఫుల్‌లో పెట్టి కొలవాలి. 30-35 డిగ్రీల వాతావరణంలో లో సైడ్ (కంప్రెసర్‌లోకి గ్యాస్ వెళ్లే వైపు) సుమారు 30-45, హై సైడ్ (బయటికొచ్చే వైపు) 180-250 పీఎస్ఐ ఉండాలి. రెండూ తక్కువైతే గ్యాస్ తక్కువ. రెండూ ఎక్కువైతే గ్యాస్ ఎక్కువైంది, లేదా లోపల గాలి చేరింది, లేదా కండెన్సర్ చల్లబడటం లేదు. ఈ స్థితిలో ‘కొంచెం టాపప్’ చేస్తే కంప్రెసర్‌కు చేటు. లో సైడ్ ఎక్కువై హై సైడ్ తక్కువైతే కంప్రెసర్ బలహీనపడింది. లో సైడ్ వాక్యూమ్‌లోకి, అంటే సున్నా కిందికి జారితే, కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్ వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర అడ్డు.

లీకేజీని గొట్టాల్లోకి నైట్రోజన్ ఎక్కించి వెతకాలి. టైర్లకు కొట్టే గాలిలో తేమ ఉంటుంది, అది పనికిరాదు. బాగుచేశాక పంపుతో లోపలి గాలంతా తీసేస్తూ కనీసం అరగంట వాక్యూమ్ లాగి, అది నిలిచిందో లేదో చూసి, బానెట్ కింద లేబుల్ మీద రాసినన్ని గ్రాములు తూకం వేసి ఎక్కించాలి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్ల కంప్రెసర్లలో మామూలు కార్ల ఏసీలో వాడే పీఏజీ ఆయిల్ పోస్తే ఇన్సులేషన్ దెబ్బతిని హై వోల్టేజి ప్రమాదం వస్తుంది.

వేసవి సూచనల్లో గ్యాస్ వాక్యం స్థానంలో ఇది వేయండి: పాత గ్యాస్ ఎన్ని గ్రాములు తీశారో, కొత్తది ఎన్ని గ్రాములు ఎక్కించారో, లీకేజీ ఎక్కడ దొరికిందో బిల్లు మీద రాయించుకోండి.

— ఒక కార్ ఏసీ మెకానిక్