ముసాయిదా గీయకముందే రైతును అడగండి

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) పరిధి 2025లో పది వేల చదరపు కిలోమీటర్లు దాటింది. రీజినల్ రింగ్ రోడ్డు వస్తుందంటున్న పల్లెల దాకా దాని కిందికి చేరాయి. 2050ని దృష్టిలో పెట్టుకుని కొత్త మాస్టర్ ప్లాన్ సిద్ధం చేస్తున్నారు. ఏ సర్వే నంబరులో ఇళ్లు రావాలో, ఎక్కడ ఫ్యాక్టరీలు పెట్టాలో, ఏది పంట భూమిగా ఉండాలో అందులోనే తేలుతుంది. ఇంత పెద్ద పనిలో భూమి గల మనిషిని ముందుగా పిలిచి అడిగే ఏర్పాటు ఒక్కటి చేయాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇప్పుడు నడుస్తున్న పద్ధతిలో ముసాయిదా ముందు వస్తుంది, అభ్యంతరాలకు గడువు తర్వాత ఇస్తారు. ఆఫీసు గోడకు అంటించిన ఆ నక్షా ముందు రైతులు నిలబడడం నేను చూశాను. ఊరంతా కలిపి అరచేతిలో పట్టేంత ఉంటుంది. మనవాళ్లు పొలాన్ని చెరువు కట్టను బట్టి, బండ్ల బాటను బట్టి గుర్తుపడతారు. అక్కడ కనిపించేవి రంగులే. ఫోనున్న కుర్రాడిని పట్టుకుని ఫొటో తీయించి, పెద్దది చేయించి, 'ఈ ఊదా రంగు మన మీదికి వచ్చిందా?' అని అడుగుతారు. ఊదా అంటే పరిశ్రమల జోన్ అని అప్పటికి తెలుస్తుంది.

కామారెడ్డిలో జరిగింది ఎవరూ మరచిపోలేరు. పట్టణంలో కలిపిన పల్లెల పంట భూములను ముసాయిదాలో పారిశ్రామిక జోన్‌గా, వంద అడుగుల రోడ్లుగా చూపించారు. 2023 జనవరిలో ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. వేల మంది కలెక్టరేట్ ముందు కూర్చున్నారు. చివరికి జనవరి 20న మున్సిపల్ కౌన్సిలే ఆ ముసాయిదా వద్దని తీర్మానం చేసింది. జగిత్యాలలోనూ ఆ నెలలోనే మాస్టర్ ప్లాన్ మీద రైతులు రోడ్డెక్కారు. ముసాయిదాకు ముందే ఆ ఊళ్లలో కూర్చుని మాట్లాడి ఉంటే అంత దూరం వచ్చేది కాదని నా నమ్మకం.

జోన్ మార్చుకోవడానికి భూ వినియోగ మార్పిడి ఉంది కదా అని కొందరంటారు. ఉంది. అర్జీ పెట్టుకోవాలి, రుసుము కట్టాలి, సర్కారు ఒప్పుకోవాలి. వెంచర్లు వేసేవాళ్లకు ఆ దారి బాగా తెలుసు. రెండెకరాల ఆసామికి నాలాకూ (సాగు భూమిని సాగేతర భూమిగా మార్చే రెవెన్యూ అనుమతి) జోన్‌కూ తేడా కూడా ఎవరూ చెప్పరు. నాలా అయిపోయింది, ఇక ఇల్లు కట్టుకోవచ్చు అనుకుంటాడు. అనుమతికి వెళ్తే మాస్టర్ ప్లాన్‌లో మీది వేరే జోన్ అని తిప్పి పంపుతారు.

ఇంగ్లండులో స్థానిక కౌన్సిళ్లు ప్రణాళిక తయారీ మొదట్లోనే 'కాల్ ఫర్ సైట్స్' అని బహిరంగ ప్రకటన ఇస్తాయి. భూమి గలవాళ్లు హద్దులు గీసిన పటం, యాజమాన్య వివరాలు, దారి ఎటునుంచో, అక్కడ ఏం కట్టవచ్చో రాసి ఇస్తారు. ఆ చోటు అనువైనదా, నిజంగా దొరుకుతుందా, అక్కడ పని సాగుతుందా అని కౌన్సిల్ పరిశీలిస్తుంది. పేరు ఇచ్చినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదని మొదటే స్పష్టం చేస్తారు. వచ్చిన స్థలాల జాబితాను, పరిశీలనలో తేలినదాన్ని జనం ముందు పెడతారు.

మనకు అదే పద్ధతి ఉన్నదున్నట్టు సరిపోదు. అక్కడ అడిగేది ముఖ్యంగా కట్టడాలకు ఇచ్చే భూమి గురించి. ఇక్కడ దరఖాస్తులో 'నేను సేద్యమే చేసుకుంటాను, నా పొలం పచ్చగానే ఉంచండి' అనే గడి కూడా ఉండాలి. ఆ మాట ముసాయిదాకు ముందే కాగితం మీదికి ఎక్కితే, దాన్ని కాదని ఊదా రంగు పూసే అధికారి కారణం రాయక తప్పదు. సర్కారు పేదలకిచ్చిన అసైన్డ్ భూములు సాగు చేసుకుంటున్నవాళ్లనూ అడగాలి. 1977 చట్టం వల్ల వాళ్లు అమ్ముకోలేరు, అంతమాత్రాన వాళ్ల మాట లెక్కలోకి రాకుండా పోకూడదు.

ఇలా చేస్తే రియల్ ఎస్టేట్ వాళ్ల అర్జీలే కుప్పపడతాయని భయపడేవాళ్లున్నారు. వాళ్ల కోరికలు ఇప్పుడూ పైవాళ్ల చెవిన పడుతూనే ఉన్నాయి, మనకే తెలియడం లేదు. ఎవరు ఏ సర్వే నంబరుకు ఏ జోన్ అడిగారో, ఇచ్చింది ఎందుకో, కాదన్నది ఎందుకో ఊరూరా అంటిస్తే ఆ భయం చాలావరకు తీరుతుంది. చెరువు ఎఫ్‌టీఎల్‌లో (నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు), దాని చుట్టూ వదలాల్సిన బఫర్‌లో ఉన్నవాటిని మాత్రం ఎవరివైనా సరే మొదటే పక్కన పెట్టాలి.

2050 ప్లాన్ ముసాయిదాకు ముందు కనీసం మూడు నెలలు ఈ దరఖాస్తులు తీసుకోవాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. రైతు వేదికలు ఊళ్లలో ఉన్నాయి. సర్వే నంబర్లు కనిపించేంత పెద్ద నక్షాలు అక్కడ పెట్టి, చదవడం రానివాళ్లకు దరఖాస్తు నింపిపెట్టే మనిషిని కూర్చోబెట్టాలి. పాస్ పుస్తకం నకలు, చేతితో గీసిన హద్దుల చిత్తు పటం ఉంటే చాలనాలి. ఇచ్చిన ప్రతి కాగితానికీ రసీదు ఇవ్వాలి.

– ఒక రైతు,
సంగారెడ్డి జిల్లా