ఆక్యుపంక్చర్‌కు ఒక్కరోజు శిబిరాలు చాలవు

సంపాదకులకు నమస్కారాలు.

గుంటూరులో తక్కువ రుసుముతో ఆక్యుపంక్చర్ (ఒంట్లో కొన్ని చోట్ల సన్నని సూదులు గుచ్చి చేసే వైద్యం) కేంద్రం తెరవాలని నేనూ, ఈ వైద్యంలో శిక్షణ పొందిన ఇద్దరు మిత్రులూ కొంతకాలంగా ప్రయత్నిస్తున్నాం. ఆ మాట ఎత్తినప్పుడల్లా పెద్దలు ‘ఉచిత శిబిరం పెట్టండి, పుణ్యం ఉంటుంది’ అంటున్నారు. వారి మంచి మనసును కాదనలేం గాని, ఈ వైద్యానికి శిబిరం పద్ధతి సరిపోదు.

ఏళ్ల తరబడి వేధిస్తున్న నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి ఒక్క పూట సూదులతో తగ్గవు. వారానికి ఒకటి రెండుసార్లు చొప్పున కొన్ని వారాలు వస్తేనే ఉపశమనం ఏమాత్రం ఉందో తేలుతుంది. మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీ గాని, పొద్దస్తమానం నేలమీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీసే ఆడమనిషి గాని శిబిరంలో ఒకసారి సూదులు పెట్టించుకుని వెళితే, మర్నాడు మళ్లీ అదే బరువు, అదే కూర్చోవడం. ప్రైవేటు క్లినిక్‌కు వరసగా వెళ్లే స్తోమత వారికి లేదు. అందుకే ఏడాది పొడవునా సాయంత్రాలు తెరిచి ఉండే ఒక గది, పదిసార్లు వచ్చినా భరించగల రుసుము కావాలి.

అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో 2002లో మొదలైన ‘వర్కింగ్ క్లాస్ ఆక్యుపంక్చర్’ అనే క్లినిక్ ఇందుకు దారి చూపింది. అక్కడ విడివిడి గదుల బదులు ఒకే హాల్లో పడక కుర్చీలు వేసి, ఒకరికి సూదులు పెట్టి, వారు కళ్లు మూసుకుని విశ్రాంతి తీసుకుంటుండగా పక్కవారిని చూస్తారు. 15 నుంచి 35 డాలర్ల మధ్య ఎవరు ఎంత ఇవ్వగలరో వారే నిర్ణయించుకునేవారు. ఆదాయానికి రుజువు అడిగేవారు కాదు. ఈ వైద్యంలో సూదుల ఖర్చు స్వల్పం, అసలు బరువంతా వైద్యుడి సమయానిదీ గది అద్దెదీ కాబట్టి, ఆ రెండూ నలుగురికీ పంచితే రుసుము దానంతటదే దిగివస్తుంది. సూదులు ఎక్కువగా మోచేతి కింద, మోకాలి కింద, చెవులకు, తలకు పెడతారు గనుక దుస్తులు మార్చుకోవలసిన పని ఉండదు. అయినా మన ఊళ్లో ఆడవారికి వేరే వేళలు కేటాయించడమే మర్యాద.

చౌక అంటే నాసిరకం కారాదు. ప్రతి సూదినీ ఒక్కసారే వాడి, 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం సూది గుచ్చుకోని తెల్లని డబ్బాలో వేయాలి. దీర్ఘకాలిక నొప్పులకు, తలనొప్పికి ఈ వైద్యం కొంత మేలు చేస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి, అంతకు మించి వాగ్దానం చేయడం అన్యాయం. షుగరుకో బీపీకో వేసుకునే మందులు మానమని చెప్పేవారిని ప్రజలు నమ్మకూడదు. కాలు మొద్దుబారి బలం తగ్గినా, ఛాతీలో నొప్పి వచ్చినా సూదుల దగ్గరకు కాదు, వెంటనే ఆసుపత్రికే వెళ్లాలి.

ఇది మన దేశానికి కొత్త కాదు. 1938లో యుద్ధంలో ఉన్న చైనాకు సాయంగా వెళ్లిన భారత వైద్య బృందంలో డాక్టర్ కోట్నీస్‌తో పాటు ఉన్న డాక్టర్ బిజయ్ కుమార్ బసు, తరువాత అక్కడే ఈ విద్య నేర్చుకుని కలకత్తాకు తెచ్చారు. కేంద్ర ప్రభుత్వం 2003లో దీనిని చికిత్సా విధానంగా గుర్తించింది. పశ్చిమ బెంగాల్, మహారాష్ట్ర ప్రత్యేక చట్టాలు చేసుకున్నాయి. శిక్షణకూ నమోదుకూ అలాంటి చట్టం మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వస్తే, అరకొర కోర్సుతో బోర్డు కట్టేవారి నుంచి రోగికి రక్షణ దొరుకుతుంది.

మా వరకు మేము 50 నుంచి 200 రూపాయల మధ్య, ఇచ్చినంత తీసుకునే పద్ధతిలో మొదలుపెట్టాలనుకుంటున్నాం. అద్దె భరించడమే కష్టంగా ఉంది. యార్డు పరిసరాల్లో సాయంత్రం ఖాళీగా ఉండే హాలు ఏదైనా మార్కెట్ కమిటీ గాని, నగరపాలక సంస్థ గాని నామమాత్రపు అద్దెకు ఇప్పించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు, గుంటూరు