వరద జాగ్రత్తల్లో హార్డ్ డిస్కుకూ చోటివ్వాలి

సంపాదకులు గారికి,

నమస్కారం.

ఏటా వరదల కాలం దగ్గరపడేసరికి పత్రికలన్నీ జాగ్రత్తలు ప్రచురిస్తాయి. బియ్యం, మందులు, టార్చిలైటు, పశువుల మేత సిద్ధం చేసుకోమని, పట్టాదారు పాస్‌పుస్తకాలు, ఆధార్ కార్డులు ఎత్తయిన చోట పెట్టుకోమని చెబుతాయి. లంక గ్రామాల్లో పుట్టి పెరిగినవారికి ఇవన్నీ చిన్ననాటి నుంచీ తెలిసినవే అయినా, మళ్లీ మళ్లీ గుర్తుచేయడం మంచిదే. కాని ఈ పదిహేనేళ్లలో మన ఇళ్లలో కొత్తగా చేరిన ఒక సొత్తు పేరు ఆ జాగ్రత్తల్లో నాకు ఎక్కడా కనబడలేదు. పెళ్లి ఫొటోలు, బారసాల వీడియోలు, పోయిన పెద్దల గొంతులు, పొలం కాగితాల స్కాన్లు ఇప్పుడు ట్రంకు పెట్టెల్లో లేవు. అవి కంప్యూటర్లలోను, వాటికి తగిలించే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కుల్లోను ఉన్నాయి. వాటిని కాపాడుకునే పద్ధతి తెలియక నేను పోగొట్టుకున్నట్టు మరొకరు పోగొట్టుకోకూడదని ఈ లేఖ రాస్తున్నాను.

మాది పి. గన్నవరం మండలంలో గోదావరి వైనతేయ పాయ ఒడ్డున ఉన్న ఊరు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు మా ఇంట్లో ట్రంకు పెట్టె మునిగి, మా అమ్మానాన్నల పెళ్లి ఫొటోతో సహా పాత ఫొటోలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి ఎందుకూ పనికిరాకుండా పోయాయి. ఆ సంగతి మనసులో ఉండబట్టే, 2022 జూలైలో ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక అమల్లో ఉన్న రోజుల్లో, నేను అన్నిటికంటే ముందు హార్డ్ డిస్కును గుడ్డలో చుట్టి అటకెక్కించాను. నీరు అరుగు దాటి గదుల్లోకి వచ్చింది గాని అటక దాకా రాలేదు. వరద తీసిన వారానికి, ఒండ్రు కడుక్కుని సామాన్లు దించుకుంటూ ఉండగా, నిచ్చెన మీద నుంచి ఆ మూట నా చేతిలోంచి జారి గచ్చు మీద పడింది. కంప్యూటరుకు తగిలిస్తే టిక్కు టిక్కుమనే చప్పుడు తప్ప మరేమీ రాలేదు. హైదరాబాదులో డేటా రికవరీ చేసేవారికి పంపిస్తే, లోపల సమాచారం రాసి ఉండే పళ్లెం గీసుకుపోయిందని, ఏమీ తీయలేమని చెప్పి తిప్పి పంపారు. మా అమ్మ చివరి రోజుల్లో పాడిన మంగళహారతులు నలభై నిమిషాల పాటు అందులో ఉన్నాయి. ఇంకెక్కడా లేవు.

ఇంకెక్కడా ఎందుకు లేవన్నదే ఈ లేఖలో ముఖ్యమైన విషయం. కంప్యూటరులో చోటు చాలక, ఆ ఫైళ్లన్నిటినీ కాపీ చేయకుండా కట్ చేసి డిస్కులోకి మార్చాను. అలా మార్చి, బ్యాకప్ తీసేశానని నిశ్చింతగా ఉన్నాను. తరువాత విచారిస్తే మా బంధువుల్లోను, తోటి ఉపాధ్యాయుల్లోను చాలామంది ఇదే పని చేస్తున్నారని తెలిసింది. డిస్కు కొనడమే బ్యాకప్ అనుకుంటున్నారు. నిజానికి బ్యాకప్ అంటే రెండో ప్రతి. అసలు ఉన్నచోట అసలు ఉండగా, దాని నకలు వేరే వస్తువులో ఉంటేనే ఆ మాటకు అర్థం. పూర్వం తాళపత్ర గ్రంథాలు చెదలకు, తేమకు లోనై శిథిలమయ్యేలోపు కొత్త ఆకుల మీదికి ఎత్తి రాసుకునేవారు గనుకనే మన కావ్యాలు మనకు మిగిలాయి. ఒకే ప్రతిని ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి మార్చుకుంటూ పోయి ఉంటే ఒక్క పద్యమైనా దక్కేది కాదు.

ఈ డిస్కు ఎంత సున్నితమైనదో కొనేవారికి అంగళ్లలో చెప్పరు. అరచేతిలో ఇమిడే ఆ పెట్టె లోపల అద్దంలాంటి పళ్లేలు నిమిషానికి సాధారణంగా 5,400 సార్లు తిరుగుతూ ఉంటాయి. వాటి మీది రాతను చదివే ముల్లు పళ్లేన్ని తాకకుండా కొద్ది నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. మనిషి వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లంటే ఆ ఎడం ఎంత తక్కువో ఊహించుకోవచ్చు. అందుచేత తిరుగుతున్న డిస్కును కదపడం, ఒళ్లో పెట్టుకుని పనిచేయడం, తీగ పట్టుకుని లాగడం ప్రమాదకరం. పని ముగిశాక కంప్యూటరులో డిస్కును సురక్షితంగా విడదీసే (సేఫ్‌లీ రిమూవ్) ఆజ్ఞ ఇచ్చి, పళ్లేలు ఆగేదాకా కొద్ది క్షణాలు ఆగి, అప్పుడే చేత్తో తీయాలి. మన ఊళ్లలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం గనుక, డెస్క్‌టాప్ కంప్యూటరుకు, కరెంటు పోయినా కొంతసేపు నడిపించే యూపీఎస్ లేకపోతే ఈ పనికి చార్జింగ్ నిండుగా ఉన్న ల్యాప్‌టాప్ వాడుకోవడం మేలు. రాస్తున్న మధ్యలో కరెంటు పోతే ఒక్క ఫైలుతో ఆగకుండా, ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికే చెడిపోయే అవకాశం ఉంది.

కదిలే భాగాలు లేని ఎస్ఎస్‌డీ డిస్కులు ఇప్పుడు దొరుకుతున్నాయి. కిందపడినా చాలావరకు తట్టుకుంటాయి, వేగం కూడా ఎక్కువే. కాని అదే సామర్థ్యానికి ధర బాగా ఎక్కువ. పైగా ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా బీరువాలో పడేసి ఉంచితే వాటిలోని సమాచారం క్రమంగా చెరిగిపోయే వీలుంది గనుక, ఏడాదికి ఒకటి రెండుసార్లయినా తగిలించి చూసుకోవాలి. ఇంటి అవసరాలకు రెండున్నర అంగుళాల మామూలు హార్డ్ డిస్కు చాలునని నా అభిప్రాయం. దానికి వేరే అడాప్టరు అక్కరలేదు, కంప్యూటరు నుంచి వచ్చే కరెంటే సరిపోతుంది. ఒక పెద్ద డిస్కు కొనే బదులు, స్తోమత ఉంటే, చిన్నవి రెండు కొనండి. నాలుగు మెగాబైట్ల ఫొటోలైతే ఒక టెరాబైట్‌లో, అంటే వెయ్యి జీబీల్లో, సుమారు రెండున్నర లక్షలు పడతాయి. పెళ్లి వీడియోలు ఎక్కువగా ఉన్న ఇళ్లకు తప్ప ఇంతకు మించి అవసరం రాదు.

కొనేటప్పుడు రెండు విషయాల్లో మనవాళ్లు పొరబడుతున్నారు. మొదటిదాన్ని మోసమనుకుంటారు గాని అది మోసం కాదు. ఒక టెరాబైట్ అని రాసి ఉన్న డిస్కు విండోస్ కంప్యూటరులో 931 జీబీగా కనబడుతుంది. కిలోబైటు, మెగాబైటు, ఇలా ప్రతి మెట్టులోను తయారీదారులు వెయ్యి చొప్పున లెక్కించడం, విండోస్ 1,024 చొప్పున లెక్కించడం వల్ల వచ్చే తేడా అది. దీనికోసం దుకాణదారుతో తగవు పడనక్కరలేదు. రెండోది నిజమైన మోసం. 16 టెరాబైట్లంటూ వెయ్యి, రెండు వేల రూపాయలకు ఆన్‌లైన్‌లో అమ్ముతున్న పేరు లేని డిస్కుల్లో తరచు ఒక చిన్న మెమొరీ కార్డు మాత్రమే ఉంటుంది. పెద్ద డిస్కుగా చెప్పుకునేలా దాన్ని తయారు చేస్తారు. ఫైళ్లు ఎక్కుతున్నట్టే కనిపిస్తాయి, పేర్లు కూడా కనబడతాయి, తెరవబోతే మాత్రం తెరుచుకోవు. కొన్న వారంలోనే డిస్కును దాదాపు నిండుగా నింపి, మొదటివి, మధ్యవి, చివరివి తెరిచి చూసుకుంటే ఈ మోసం బయటపడుతుంది. బిల్లు తప్పక తీసుకోవాలి. వారంటీ గురించి కూడా ఒక మాట. చెడిపోతే కంపెనీ బదులు డిస్కు ఇస్తుంది గాని, లోపలున్న ఫొటోలకు దాని పూచీ ఉండదు.

వాడకంలో నేను గమనించిన పెద్ద పొరపాటు, బ్యాకప్ డిస్కునే అన్నిటికీ వాడటం. పండక్కి వచ్చిన పిల్లలు సినిమాలు చూడటానికి దాన్నే టీవీకి తగిలిస్తారు. కొన్ని టీవీలు రికార్డింగు కోసం డిస్కును ఫార్మాట్ చేయమంటాయి, రిమోట్ మీద ఒక్క నొక్కుతో అంతా చెరిగిపోతుంది. ఆల్బం వేయించడానికి ఫొటో స్టూడియోకు దాన్నే పట్టుకెళతారు. అక్కడి కంప్యూటరులో వైరస్ ఉంటే అది డిస్కుతోపాటు ఇంటికి వస్తుంది. 2017 మే నెలలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతటా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అటువంటివి కంప్యూటరుకు ఆ సమయంలో తగిలించి ఉన్న డిస్కును కూడా వదలవు. కాబట్టి బ్యాకప్ డిస్కు ఎప్పుడూ తగిలించే ఉండకూడదు. నెలకోసారి, గుర్తుండే రోజు ఒకటి పెట్టుకుని, తగిలించి, కొత్తవి కాపీ చేసి, రెండు మూడు పాత ఫైళ్లు తెరిచి చూసి, తీసి దాచుకోవాలి. తెరిచి చూడటం మానకూడదు. చదవగలిగితేనే అది ప్రతి అవుతుంది.

మాది సముద్రపు గాలి తగిలే ప్రాంతం. బీరువాలో పట్టు చీరలకే బూజు పడుతుంది. డిస్కును గట్టి మూత ఉన్న డబ్బాలో, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు మూడు వేసి ఉంచుతున్నాను. వరద నీటిలో మునిగిన డిస్కును ఆత్రంకొద్దీ ఎండలో పెట్టడం, కరెంటు ఇచ్చి చూడటం అసలు చేయకూడదు. నిపుణుల చేతికి చేరేదాకా దాన్ని అలాగే ఉంచితే ఏదో కొంతైనా దక్కే అవకాశం ఉంటుంది.

ఇక మా డెల్టాకు ప్రత్యేకమైన సమస్య. కంప్యూటరులో ఒక ప్రతి, డిస్కులో ఒక ప్రతి ఉన్నంత మాత్రాన ఇక్కడ నిశ్చింతగా ఉండలేం, ఎందుకంటే రెండూ ఒకే కప్పు కింద ఉంటాయి. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమలో కప్పులనే ఎగరగొట్టింది. మూడు ప్రతులు ఉండాలని, అవి రెండు రకాల సాధనాల మీద ఉండాలని, ఒకటి ఇంటి బయట ఉండాలని కంప్యూటర్ తెలిసినవారు చెప్పే సూత్రానికి నేను ఒక్క మాట చేరుస్తాను. మనకు ఆ బయటి ప్రతి పక్కింట్లోనో, పక్క లంకలోనో ఉంటే చాలదు. గోదావరి నీరు చేరలేని ఊళ్లో ఉండాలి. ఉద్యోగాల కోసం పిల్లలు హైదరాబాదులోనో, విశాఖలోనో ఉండని ఇల్లు మా వీధిలో ఒక్కటీ లేదు. మాకు ఇప్పుడు రెండు డిస్కులున్నాయి, ఒకటి ఇక్కడ, ఒకటి హైదరాబాదులో మా అమ్మాయి దగ్గర. సంక్రాంతికి మా అమ్మాయి వచ్చినప్పుడు హైదరాబాదులో ఉన్న డిస్కు తెస్తుంది, ఇక్కడ తాజాగా నింపిన డిస్కు తీసుకువెళుతుంది. దసరాకు మళ్లీ మార్చుకుంటాం. డిస్కుకు పాస్‌వర్డు పెట్టాం గనుక దారిలో పోయినా ఇంకొకరు చూడలేరు. ఆ పాస్‌వర్డు కాగితం మీద రాసి నా భార్యకు, అమ్మాయికి ఇచ్చాను. అది నా ఒక్కడి తలలోనే ఉంటే నాతోనే పోతుంది.

ఇంత శ్రమ ఎందుకు, అంతా క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్ ద్వారా కంపెనీల కంప్యూటర్లలో, పెట్టుకోవచ్చు కదా అని చదువుకున్న కుర్రవాళ్లు అడుగుతారు. పెట్టుకోవాలి కూడా, రెండు పండుగల మధ్య వచ్చే ముఖ్యమైనవి మేమూ అలాగే ఉంచుకుంటున్నాం. కాని గూగుల్ ఫొటోస్ అపరిమిత ఉచిత వసతిని 2021 జూన్ 1 నుంచి ఆపేసింది. గూగుల్ ఉచితంగా ఇచ్చేది మెయిల్‌తో కలిపి 15 జీబీ. అంతకు మించితే నెలనెలా చందా కట్టాలి. పైగా సెకనుకు 10 మెగాబిట్ల అప్‌లోడ్ వేగంతో 500 జీబీ పంపాలంటే నిరంతరాయంగా నాలుగున్నర రోజులు పడుతుంది. అదే ఫైళ్లు డిస్కులోకి కొద్ది గంటల్లోనే చేరతాయి. కాగితాల విషయంలో మాత్రం అంత భయం అక్కరలేదు. చాలా ధ్రువపత్రాలు ప్రభుత్వం ఆన్‌లైన్‌లో నడిపే డిజీలాకర్‌లో దొరుకుతాయి, దస్తావేజుల నకళ్లు రిజిస్ట్రేషన్ కార్యాలయంలో అడిగి తీసుకోవచ్చు. మనిషి గొంతుకు మాత్రం నకలు ఇచ్చే కార్యాలయం లేదు. అందుకే ఏది ముందు కాపీ చేయాలని ఎవరైనా అడిగితే, పొలం కాగితాల కంటే ముందు అమ్మమ్మ పాట కాపీ చేయమని చెబుతాను.

మీ పత్రిక ద్వారా రెండు విన్నపాలు చేస్తున్నాను. మొదటిది ఫొటో స్టూడియోల వారికి. పెళ్లి ఫొటోలు, వీడియోలు ఇచ్చేటప్పుడు తమ దగ్గర అసలు ప్రతిని ఎన్నాళ్లు ఉంచుతారో రాతపూర్వకంగా చెప్పి, రెండు ప్రతులు తీసుకోమని పెళ్లివారికి సూచించాలి. రెండోది మండల అధికారులకు, గ్రామ సచివాలయాల సిబ్బందికి. పాత ఫొటోలకు, రికార్డింగులకు ఒక ప్రతి తీసి పై ఊరికి పంపుకోమని వరద హెచ్చరికలతోపాటు, కుదిరితే వాటికంటే నెల ముందే చాటింపు వేయించాలి. నీరు వచ్చాక కాపీ చేసే తీరిక ఎవరికీ ఉండదు, అప్పటికి కరెంటూ ఉండదు.

గోదావరికి ఎర్రనీరు రాకముందే ఈ లేఖను ప్రచురించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పి. గన్నవరం మండలం, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా.