జైళ్ల గురించి చదవాలంటే అమెరికాకే పోవాలా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ హెచ్‌ఈసీ పూర్తి చేసింది. క్రిమినల్ జస్టిస్, కరెక్షన్స్‌లో డిగ్రీ చేస్తానంటోంది. అంటే పోలీసులు, కోర్టులు, జైళ్లు ఎలా నడుస్తాయి, శిక్ష పడ్డ మనిషి లోపల ఏమవుతాడు, బయటికొచ్చాక మళ్లీ అదే దారి పట్టకుండా ఎట్లా చూడాలి, ఇదంతా చెప్పే కోర్సు. 'ఆడపిల్లకు జైళ్ల చదువేంటి' అన్న చుట్టాల సంగతి వదిలేయండి, నా టెన్షన్ వేరే.

అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీకి వెళ్తే అమెరికాలో నాలుగేళ్లు, 120 క్రెడిట్లు, మధ్యలో ఇంటర్న్‌షిప్, తర్వాత ఉద్యోగానికి ఢోకా లేదు అని ఊదరగొట్టారు. ఎఫ్‌బీఐలో గానీ, అక్కడి ఫెడరల్ జైళ్లలో గానీ ఉద్యోగం కావాలంటే ఆ దేశ పౌరసత్వం అడుగుతారన్న ముక్క మాత్రం నోట రాలేదు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కల) కోర్సులకు ఓపీటీలో, అంటే చదువయ్యాక అక్కడే పని చేసుకోనిచ్చే అనుమతిలో, అదనంగా ఇచ్చే 24 నెలలు మామూలు క్రిమినల్ జస్టిస్ డిగ్రీకి రావు, 12 నెలలతో సరి. పైగా నేర్చుకునేది వాళ్ల చట్టాలు. ఇక్కడ పని చేయాలంటే 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన మన కొత్త నేర చట్టాలు రావాలి కదా.

చంచల్‌గూడ, చర్లపల్లి సెంట్రల్ జైళ్లు, శివరాంపల్లిలో జాతీయ పోలీసు అకాడమీ, రెడ్‌హిల్స్‌లో ఫోరెన్సిక్ ల్యాబ్, శామీర్‌పేటలో నల్సార్ లా యూనివర్సిటీ, అన్నీ ఈ ఊరి చుట్టూనే ఉన్నాయి. డిగ్రీ సీట్లిచ్చే దోస్త్ వెబ్‌సైట్ తెరిస్తే మాత్రం ఎటు చూసినా బీకాం కంప్యూటర్సే. ఇలాంటి కోర్సు ఎక్కడో ఒకటీ అరా ఉన్నా మామూలు ఇంటి పిల్లలకు దాని సంగతి తెలిసే దారి లేదు. మద్రాస్ యూనివర్సిటీలో క్రిమినాలజీకి (నేరశాస్త్రానికి) ఏకంగా ఒక విభాగమే ఉంది, మరి ఉస్మానియాకు ఏమైంది? తమాషా ఏంటంటే జైల్లో ఉన్న ఖైదీలు అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ ద్వారా డిగ్రీ చదువుకుంటున్నారు (చాలా మంచి పని, తప్పు పట్టడం లేదు), బయట ఉన్నవాళ్లకే జైలు గురించి చదివే వీలు లేదు.

ఈ చదువు దేనికని అడిగేవాళ్లకు ఒక్క ఉదాహరణ. మన దేశంలో జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు విచారణ ఖైదీలు, అంటే నేరం ఇంకా రుజువు కానివాళ్లు. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, అంతకు ముందు ఏ నేరంలోనూ దోషిగా తేలనివాళ్లు, ఆ నేరానికి పడగల గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలే గడిపేస్తే, బాండు మీద వదలాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే కేసులకు ఇది వర్తించదు, వేరే కేసులు పెండింగ్‌లో ఉన్నా కుదరదు. గడువు రాగానే కోర్టుకు రాయాల్సింది జైలు సూపరింటెండెంటే. ఎవరికి ఎప్పుడు గడువు తీరుతుందో లెక్క చూసేవాళ్లు, లాయరు లేనివాళ్లకు సాయం ఇప్పించేవాళ్లు, బాండు కట్టలేక ఆగిపోయినవాళ్ల ఇంటివాళ్లతో మాట్లాడేవాళ్లు లేకపోతే ఆ సెక్షన్ కాగితం మీదే ఉంటుంది. డిప్యూటీ జైలర్ పోస్టుకు మన దగ్గర ఏ డిగ్రీ అయినా చాలు. కెమిస్ట్రీ చదివినవాళ్లను వద్దనమని నేను అనను, ఈ సబ్జెక్టు చదివినవాళ్లకు నాలుగు మార్కులు ఎక్కువ వేస్తే తప్పేంటి?

ఉన్నత విద్యామండలి వారు ముందు సిటీలో ఒకటి రెండు ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లోనైనా ఈ కోర్సు పెట్టాలి, జైళ్ల శాఖతో మాట్లాడి పిల్లలకు అక్కడే ఇంటర్న్‌షిప్ ఇప్పించాలి. పేరు బాగుంది కదా అని ముందే ప్రైవేటు కాలేజీలకు ఇచ్చేస్తే, ఫీజు లక్ష దాటుతుంది, పాఠం చెప్పే మనిషి ఉండడు.

- ఒక తండ్రి, ఈసీఐఎల్, హైదరాబాద్